ఆరోగ్య విరామం

మార్చి 3

పిట్టా,

ఫోన్లో "బాగున్నాను బాబాయ్" అని నువ్వు ముక్తసరిగా పెట్టేసిన ప్రతిసారీ మీ పిన్ని నా మొహంలోకి చూస్తుంది, ఇంకేదో కబురు నేను దాచేస్తున్నట్టు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వు చిన్నప్పట్నుంచీ ఫోన్లో నవ్వుతావు, కాగితం మీద నిజం రాస్తావు. హాస్టల్లో చేర్పించిన ఏడాది నువ్వు రాసినవన్నీ ఏడుపు ఉత్తరాలే. మాట్లాడితే మాత్రం "ఇక్కడ భలే ఉంది" అనేదానివి.

డిపోలో నా పని మామూలే. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో చార్టు రాసి కిటికీ పక్కన అంటించడం, ఆ తర్వాత అదే కిటికీలోంచి సాయంత్రం దాకా తిట్లు తినడం. కొత్త మేనేజరు రూట్లు పెంచాడు గానీ మనుషుల్ని పెంచలేదు. ఒకే దుప్పటిని తలకీ కాళ్ళకీ లాగుతూ కూర్చున్నాను. నడుం పట్టేసింది.

నీ చదువు గురించి ఎవరైనా అడిగితే "ఈగల మీద డాక్టరేటు" అన్న ఒక్క ముక్కే నా దగ్గరుంది. అది వినగానే పక్కింటి టైలరు తన కొట్లో ఈగలు పోవడానికి మందు చెప్పమని నా ప్రాణం తోడేస్తున్నాడు. నువ్వు చేరినప్పుడు ఆ శిక్షణ పథకం వాళ్ళు సంరక్షకుడి సంతకం నా చేతే పెట్టించుకున్నారు. మీ అమ్మానాన్నలు పోయాక నీకు మేమే కదా. ఫెలోషిప్పే కాదు, నాలుగేళ్ళూ మీ అమ్మాయి మంచిచెడ్డలన్నీ మావే అన్నారు ఆ రోజున. చూస్తున్నారా? నాలుగు ముక్కలు రాయి, నిజమే రాయి.

మీ పిన్నీ నేనూ క్షేమం. మోకాళ్ళు తప్ప.

నీ బాబాయి

*

మార్చి 11

బాబాయ్,

టైలరు గారికి చెప్పు, మావి ఆయన కొట్లో వాలే ఈగలు కావు. కుళ్ళిన పండు మీద ముసిరే నలకలంతవి. వేలెడు గాజు సీసాల్లో అడుగున మేత పోసి, మూతికి దూది కుక్కి పెంచుతాం. నా పనల్లా సీసాని బల్ల మీద తట్టడం. తట్టగానే ఈగలన్నీ అడుక్కి పడి, మళ్ళీ గాజుగోడ పట్టుకుని పైకి పాకుతాయి. మామూలు ఈగలు ముసలివయ్యాకే పాకలేవు. నావి వయసులో ఉండగానే వణుకుతాయి, సగం ఎక్కి జారిపోతాయి. వాటి నరాలు అంత త్వరగా ఎందుకు పాడవుతున్నాయో తెలిస్తే రేపు మనుషుల వణుకుడు రోగానికి పనికొస్తుందని పథకం వాళ్ళకి రాసిచ్చాను. రాసినప్పుడు నమ్మాను కూడా.

ఈ రకాన్ని నేనే తయారుచేశాను, రెండేళ్ళు పట్టింది. ఇంకెక్కడా లేదు. విత్తనాల్లా డబ్బాలో దాచుకోవడానికి వీల్లేదు, తరం తర్వాత తరం బతికే ఉండాలి. మేత పాడవకముందే కొత్త సీసాలోకి మార్చాలి. అసలే బలహీనపు జాతి, బూజు పట్టిందంటే పుట్టి మునిగినట్టే. అందుకే నాకు ఆదివారాలు లేవు.

మంచిచెడ్డలు చూస్తున్నారా అన్నావు. చూడటం కాదు, ఊపిరాడనివ్వడం లేదు. ఉపన్యాసం ఇవ్వడానికో తరగతి, పరిశ్రమల వాళ్ళతో మాట్లాడటానికో తరగతి, నాయకత్వానికో తరగతి. అన్నిటికీ హాజరు తప్పనిసరి. పోయిన శనివారం 'ఒత్తిడిని జయించడం ఎలా' అని రోజంతా శిబిరం. సంకరం చెయ్యాలంటే ఆడ ఈగల్ని పుట్టిన కొద్ది గంటల్లోనే, మగవాటితో కలవకముందే ఏరి వేరే పెట్టాలి. అక్కడ నేను కళ్ళు మూసుకుని గాలి పీల్చి వదులుతూ కూర్చుంటే, ఇక్కడ అవన్నీ కాపరాలు పెట్టేసుకున్నాయి. ఆ వారం పనంతా బూడిదలో పోసినట్టయింది. నవ్వు బాబాయ్, నేనూ నవ్వాను.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మైక్రోస్కోపు మీదే నిద్రపోతున్నాను, కళ్ళచుట్టూ గుండ్రంగా అచ్చులు పడుతున్నాయి. అదేం పెద్ద విషయం కాదు, ఇక్కడ అందరికీ ఉంటాయి. కానీ మొన్న ఒక సీసా చేత్తో పట్టుకుని నిలబడ్డాను, ఎందుకు పట్టుకున్నానో తెలీలేదు. మీద అంటించిన చీటీ చదివాను. నా రాతే. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అలా ఎంతసేపు ఉన్నానో కూడా తెలీదు. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చింది, ఆగలేదు. భయమేసింది బాబాయ్.

ఇది ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నన్ను నాలుగో ఏటికి కొనసాగించాలా వద్దా అని మేలో కమిటీ కూర్చుంటుంది. గైడుగారికి చెబుదామంటే ఆవిడే ఒక చేత్తో సమోసా తింటూ ఇంకో చేత్తో నివేదిక దిద్దుకునే మనిషి. అలసట అంటే ఆవిడకి వినపడదు.

పిన్నికి ఇదంతా చదివి వినిపించకు.

పిట్ట

*

మార్చి 19

పిట్టా,

మీ పిన్నికి ఆ శనివారం ఈగల కాపరాలదాకా చదివి వినిపించాను. పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఉత్తరం అయిపోయిందని చెప్పాను. నమ్మలేదు. టైలరుకి కూడా నీ మాట చేరవేశాను. అయితే ఆ చదువెందుకు అన్నాడు.

మీ గైడుగారి గురించి నువ్వు రాసింది చదివితే మా పాత మేనేజరు గుర్తొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎప్పుడో తను పడిన కష్టాన్నే కొలబద్దగా పెట్టుకున్నాడు, అందరినీ దాంతోనే కొలిచేవాడు. ఇంక ఇక్కడి ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఇంజను పక్కన కూర్చున్నవాడికి రోజూ పొయ్యిలో కూర్చున్నట్టే. సెలవుల్లో ఒక్క వారమైనా వచ్చి పడుకో. నీ గదిలో కుట్టుమిషను పెట్టుకుంది మీ పిన్ని, తీసేస్తానంటోంది.

(రెండో కాగితం)

ఇప్పుడు అసలు మాట. మా డ్రైవర్లు ఎంత అలిసిపోయినా నోరు తెరిచి విశ్రాంతి అడగరు. అడిగితే పేరు పోతుందని భయం, మంచి రూటు పోతుందని భయం. అందుకే ఏళ్ళ తరబడి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంట్లోవాళ్ళు వచ్చి నా కిటికీ దగ్గర మెల్లగా ఒక మాట చెప్పి వెళ్తారు. "రాత్రి నిద్రలో స్టీరింగు తిప్పుతున్నాడండీ" అంటుంది ఒకావిడ. నేను ఎవరికీ చెప్పను, కారణం రాయను. మర్నాడు అతన్ని డిపోలోనే ఖాళీగా కూర్చోబెట్టే డ్యూటీ వేస్తాను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం మాట్లాడుకోం. అలా ఎన్ని బస్సులు లోయలో పడకుండా ఆగాయో దేవుడికెరుక.

నీ పథకం వాళ్ళ పుస్తకం మన అలమరలోనే ఉంది. 'క్షేమాధికారి' అని ఒకావిడ ఫొటో, నిండుగా నవ్వుతోంది. కింద 'కుటుంబ సభ్యులు కూడా నిస్సంకోచంగా సంప్రదించవచ్చు' అని వేశారు. అంటే అక్కడా నాలాంటి కిటికీ ఒకటుందన్నమాట. ఆవిడకి ఒక మాట రాద్దామనుకుంటున్నాను. నీకు ఇష్టం లేకపోతే వద్దని రాయి. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను.

నీ బాబాయి

*

ఏప్రిల్ 2

బాబాయ్,

ఉత్తరం అందింది. తీరిక లేక ఆలస్యమైంది, తిట్టుకోకు. నువ్వు చెప్పినట్టే చేద్దాం. నాకు ఇష్టమే. ఎప్పుడు, ఎలా అన్నది నువ్వే చూసుకో, నా బుర్ర పనిచెయ్యడం లేదు. కుట్టుమిషను తియ్యద్దని పిన్నికి చెప్పు, నేను ఏ మూలైనా సర్దుకుంటాను.

మేత వండే యంత్రం పాడైంది. మూడు ల్యాబుల వాళ్ళం ఒక్క గిన్నె దగ్గర కొట్టుకుంటున్నాం. ఉంటాను.

పిట్ట

*

ఏప్రిల్ 9

పిట్టా,

నీ జవాబు చూశాక గుండెల మీంచి బరువు దిగింది. ఇన్నాళ్ళకి పెద్దవాళ్ళ మాట విన్నావు. ఆ పూటే రాసి పంపేశాను. కిటికీ దగ్గర చెప్పినట్టే రాశాను, నాలుగే వాక్యాలు. మీ గైడుగారి మీద ఒక్క మాట కూడా తూలలేదు. త్వరలోనే కాస్త ఊపిరి పీల్చుకుంటావు. అప్పుడు తీరిగ్గా రాద్దువుగాని.

బాబాయి

*

ఏప్రిల్ 18

బాబాయ్,

ఊపిరి పీల్చుకోవడానికి నువ్వు చేసిన ఏర్పాటు నిన్న పొద్దున తెలిసింది. ల్యాబు తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ పెట్టాను, తుడిచి పెట్టాను. కాపలా ఆయన జాబితా చూసి "మీరు ఆరోగ్య విరామంలో ఉన్నారమ్మా" అన్నాడు. నా వెనక లోపలికి వెళ్ళాల్సిన వాళ్ళంతా వరసగా నిలబడి విన్నారు.

మీ డిపో కాదు ఇది. ఇక్కడ కారణం రాయకుండా ఏదీ జరగదు. నీ ఉత్తరం అందగానే ఆ నవ్వే ఆవిడ దాన్ని కమిటీకి పంపింది, కమిటీ గైడుగారికి పంపింది. నేను అలిసిపోయానని అందరికీ నా కంటే ముందే తెలిసిపోయింది. విరామంలో ఫెలోషిప్పు ఆగిపోతుంది. విరామంలో ఉన్న మనిషికి లోపల ఏదైనా అయితే ఎవరు బాధ్యులని కార్డు కూడా ఆపేశారు. ఇదంతా నా మంచికేనట, ఉత్తర్వులో అలాగే ఉంది. అన్నిటికంటే ముందు, నా ఈగలు లోపలున్నాయి. మార్చాల్సిన రోజు ఇవాళే. గైడుగారు సదస్సుకి వెళ్ళారు. బయట నిలబడి పక్క ల్యాబు అమ్మాయి కాళ్ళావేళ్ళా పడ్డాను, మారుస్తానంది. దానికి ఏ ట్రే ఏదో తెలీదు.

నువ్వు నన్ను అడిగే రాశావని నాకు తెలుసు. నీ ఉత్తరం బస్సులో చదవడం మొదలుపెట్టాను, మొదటి కాగితం అయ్యేసరికి నిద్రపోయాను. రెండోది పుస్తకంలో ఉండిపోయింది, నిన్న రాత్రి దొరికింది. నేను సరేనన్నది సెలవులకి ఇంటికి రావడానికి. ఆ తప్పు నాదే. కానీ బాబాయ్, ఆ సంగతి నేను నీకు చెప్పాను. వాళ్ళకి చెప్పలేదు. నీకు ఎందుకు చెప్పానో ఆ మాత్రం తెలీదా నీకు?

ఫోన్ చెయ్యకు. ఎత్తను.

*

ఏప్రిల్ 24

పిట్టా,

నీ ఉత్తరం డిపోలో అందింది. చదివాక ఆ పూట చార్టులో ఒకే డ్రైవరుకి రెండు బస్సులు వేశాను. నా సర్వీసులో ఎప్పుడూ లేదు. అందరూ నవ్వారు.

ఏమని రాయను? నీ మేలు కోరే చేశాను అంటే ఆ ఉత్తర్వులో వాళ్ళు అన్నదీ అదే. మా దగ్గర విశ్రాంతి ఇస్తే మనిషిని డిపో లోపలే కూర్చోబెడతాం. విశ్రాంతి అంటే బయటికి పంపి తలుపు వేసెయ్యడం అని నాకు తట్టలేదు. నవ్వే ఫొటో చూసి నమ్మాను. ఈ వయసులో ఆ మాత్రం తెలీకపోయింది.

మీ పిన్నికి మొత్తం చెప్పేశాను. గడ్డి పెట్టింది. "పిల్ల నీ చెవిలో చెప్పుకున్న మాట తీసుకెళ్ళి మైకులో చదివావు" అంది. ఆ మాట తర్వాత నాతో మాట్లాడటం లేదు.

చేసింది నేనే కాబట్టి దిద్దాల్సిందీ నేనే. ఇవాళ కమిటీకి ఇంకో ఉత్తరం పంపాను. మొదటి ఉత్తరంలో రాసిందంతా నేను కల్పించిందనీ, అమ్మాయిని ఇంటికి రప్పించుకోవాలన్న స్వార్థంతో అబద్ధం రాశాననీ, మా అమ్మాయి నిక్షేపంలా ఉందనీ రాశాను. నా మాట పోతే పోయింది. నీ కార్డు పనిచేస్తే చాలు.

బాబాయి

*

మే 1

పిట్టా,

నా ఉత్తరం చేరిందో లేదో. జవాబు రాయాలని లేకపోతే రాయకు. ఈగలు బతికాయో లేదో ఆ ఒక్క ముక్క పిన్నికైనా చెప్పు. ఇంట్లో ఇద్దరం దాని గురించే ఆలోచిస్తున్నాం, ఒకరితో ఒకరం అనుకోవడం లేదు.

బాబాయి

*

మే 6

బాబాయ్,

ఈగల సంగతి నాకూ తెలీదు. కార్డు లేదు, గైడుగారు తిరిగొచ్చారు గానీ ఫోన్ ఎత్తడం లేదు. నిన్న కమిటీ పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

బస్సులో దారి పొడుగునా "నేను బాగానే ఉన్నానండీ" అన్న మాటని వల్లె వేసుకుంటూ వెళ్ళాను. పొడుగాటి బల్ల, ఐదుగురు, చివర్లో గైడుగారు. క్షేమాధికారి ఫొటోలో ఉన్నంతగా నవ్వలేదు, పాపం ఆవిడకీ కళ్ళకింద నలుపు. బల్ల మీద నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టారు. పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకుని అడిగాడు.

"ఒకే మనిషి, ఒకే చేతిరాత. మా అమ్మాయి అలిసిపోయింది, తనంతట తను అడగదు అని ఇందులో ఉంది. అదంతా అబద్ధం అని ఇందులో ఉంది. ఏది నమ్మమంటావు?"

రెండోది నమ్మితే సోమవారం నుంచి కార్డు పనిచేస్తుంది, సమీక్ష అనుకున్న రోజే జరుగుతుంది. మొదటిది నమ్మితే మూడు నెలలు బయట ఉండాలి. తిరిగి చేరతానని ఈ నెలాఖరులోగా రాసిస్తేనే సీటు ఉంచుతారు. చెరువు గట్టు మీద నిలబెట్టి అటా ఇటా అన్నట్టుంది. రెండోదే నమ్మండి అనడానికి నోరు తెరిచాను. ఈలోగా కమిటీలో ఒకావిడ, మంచావిడే, నన్ను తేలికపరచాలని కాబోలు, "పోనీలే, నువ్వు చివరగా చేసిన ప్రయోగంలో ఏం తేలిందో అది చెప్పమ్మా" అంది.

నాకు గుర్తు రాలేదు బాబాయ్. ఆ ప్రయోగం కోసం నేను ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో గుర్తుంది, ఏం తేలిందో గుర్తు లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. నీ రెండో ఉత్తరం వైపు చూశాను. 'స్వార్థంతో అబద్ధం రాశాను' అన్నచోట సిరా దట్టంగా ఉంది, అక్కడ పెన్ను చాలాసేపు ఆపినట్టున్నావు. నాకు సిగ్గేసింది. నీ గురించి కాదు, దాన్ని వాడుకోబోయినందుకు.

"మొదటిదే నిజం" అన్నాను. అన్నాక అక్కడున్న కుర్చీలో కూర్చున్నాను. ఏడవలేదు. క్షేమాధికారి నీళ్ళు ఇచ్చింది.

బయట వసారాలో గైడుగారు నా పక్కనే నడిచారు. మెట్ల దగ్గర ఆగి, "మీ బాబాయి మొదటి ఉత్తరంలో నా గురించి ఏమైనా రాశారా? నాకు పంపింది పూర్తి ఉత్తరమేనా?" అని అడిగారు. ఏమీ రాయలేదన్నాను. "రాసి ఉండాల్సింది" అని పైకి వెళ్ళిపోయారు. దానర్థం ఏమిటో నాకు తెలీలేదు.

నా కోపం పోయిందనుకోకు. అలాగే ఉంది. మొదటి ఉత్తరం నన్ను మళ్ళీ ఒకసారి అడిగి రాయాల్సింది, రెండోది అసలు రాయకూడనిది. నిన్ను నువ్వు అలా రాసుకుంటే నేను చదవగలననుకున్నావా? తిరిగి చేరతానో లేదో నాకు తెలీదు. ఒకప్పుడు ఈ మాట తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది. ఇప్పుడు ఆలోచించే ఓపిక కూడా లేదు.

శుక్రవారం బస్సుకి బయల్దేరుతున్నాను. స్టాండుకి రాకు. ఏమీ అడగకండి ఇద్దరూ. పక్క వేసి ఉంచండి చాలు.

పిట్ట

*

మే 10, మన ఇల్లు

పిట్టా,

పక్కగదిలో ఉన్న మనిషికి ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలు. నిన్న వచ్చి పడుకున్నదానివి ఇంకా లేవలేదు. మీ పిన్ని మధ్య మధ్య వచ్చి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్తోంది. నాతో మాట్లాడటం మొదలుపెట్టింది, "చప్పుడు చెయ్యకు" అని.

పొద్దున నీ ఫోన్ మోగింది. నువ్వు కదల్లేదు, నేను ఎత్తాను. మీ గైడుగారు. ఆవిడ గొంతు వినగానే నేను లేచి నిలబడ్డాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నాది ఒక్క ముక్క కలపను. నీ ఈగల్లో ఒక ట్రే మొత్తం బూజు పట్టి పోయింది. రెండో ట్రేలో కొన్ని సీసాలు మిగిలాయి. వాటిని తన బల్ల మీద పెట్టుకుని ఆవిడే మారుస్తున్నారు. ఈ పని చేసి చాలా ఏళ్ళయిందట, రోజూ కొన్ని చేతిలోంచి ఎగిరిపోతున్నాయన్నారు.

ఆ తర్వాత అడిగారు. మీ అమ్మాయి మూడు నెలలకి తిరిగి వస్తుందా? వస్తుందంటే అంతవరకూ ఎలాగోలా నిలబెడతాను, రాదంటే కొత్తగా చేరే విద్యార్థికి అప్పజెబుతాను. పథకం వాళ్ళూ నన్నే అడుగుతున్నారు. మీరు సంరక్షకులు కదా, మీరేమంటారు?

నోటి చివరిదాకా వచ్చింది. ఏం వచ్చిందో నీకు చెప్పను.

"నాకు తెలీదమ్మా. తననే అడగాలి" అన్నాను.

అయితే ఒకసారి లేపండి అన్నారు.

"లేపను. తనంతట తను లేచాక మీరు ఫోన్ చేశారని చెప్తాను" అన్నాను. ఆవిడ సరేనన్నారు. పోనివ్వండి, పడుకోనివ్వండి అన్నారు.

అదీ కబురు. ఈ పూట డ్యూటీకి వెళ్ళక తప్పదు, చార్టు రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు. అన్నం మూతపెట్టి ఉంది. ఆవిడకి నువ్వు చేరతానని చెప్పినా, చేరనని చెప్పినా, ఇంకా తెలీదని చెప్పినా అది నీ మాట. సాయంత్రం నేను వచ్చాక చెప్పాలనిపిస్తే వింటాను. లేకపోతే అడగను.

బాబాయి